గుండె కణంలో తప్పిపోయిన పాతిక అక్షరాలు

ఒకసారి మీ పిడికిలి బిగించి చూడండి. మీ గుండె దాదాపు అంతే ఉంటుంది. ఆ పిడికెడు కండ రోజుకి సుమారు లక్ష సార్లు ముడుచుకుని తెరుచుకుంటుంది. డెబ్భై ఏళ్లకు లెక్క వేస్తే 250 కోట్ల పైమాటే. ఆదివారం లేదు, పండగ లేదు, సర్వీసింగుకి ఆపేది అసలే లేదు.

ఇంతకంటే ఆశ్చర్యం ఇంకోటుంది. మన పేగుల లోపలి పొర కొద్ది రోజులకోసారి కొత్తదవుతుంది. ఎర్ర రక్తకణం బతికేది 120 రోజులే. చర్మం పొరలు పొరలుగా రాలిపోతూ మళ్లీ పుడుతూనే ఉంటుంది. గుండె కండ కణం అలా కాదు. అమ్మ కడుపులోంచి మనతోపాటు తెచ్చుకున్న కణాల్లో సగానికి పైగా చివరిదాకా అవే ఉంటాయి.

ఈ సంగతి తేలింది అణుబాంబుల పుణ్యాన. 1950లు, 60ల్లో పెద్ద దేశాలు ఆకాశంలో అణుపరీక్షలు చేసినప్పుడు గాలిలో కార్బన్-14 అనే పదార్థం బాగా పెరిగింది. 1963 ఒప్పందం తర్వాత అది మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఆ కాలంలో పుట్టిన ప్రతి కణం డీఎన్ఏలోనూ ఆ ఏటి గాలి ముద్ర పడిపోయింది. స్వీడన్ శాస్త్రవేత్త యోనాస్ ఫ్రీసెన్ బృందం ఆ ముద్రను చూసి గుండె కణాల వయసు లెక్కగట్టి 2009లో ప్రకటించింది. పాతికేళ్ల వయసులో ఏడాదికి నూటికి ఒక కణమే కొత్తగా పుడుతుంది. డెబ్భై ఐదేళ్లకు అది అరశాతం కంటే తక్కువ.

అంటే గుండె కణం పాడైతే కొత్తది వచ్చి పడదు. ఉన్నదే తనను తాను బాగు చేసుకుంటూ, లోపలి చెత్త తానే ఊడ్చుకుంటూ నెట్టుకు రావాలి. ఈ వ్యాసమంతా ఆ ఊడ్చుకోవడం గురించే.

నాకెందుకు ఈ గోల?

నేను చదివింది ఇంజినీరింగు, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాది మైదుకూరు. మా పెద్దనాయన నలభై ఆరేళ్లకే పోయినాడు. ఉల్లిగడ్డ మూటలు బండికెత్తుతూ కూలబడితే మళ్లీ లేవలేదు. ఊరంతా గుండెపోటు అన్నారు. మా జేజి మాత్రం ఒకటే మాట అనేది: "ఈ ఇంట్లో మొగోళ్లు యాభై దాటరు నాయనా." జేజినాయన కూడా అలాగే పోయినాడట.

ఈమధ్య పెద్దనాయన కొడుకు, అంటే మా అన్న, మేడమెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని కడపలో చూపించుకున్నాడు. ఎకో తీశారు. గుండె ఎడమ గది గోడ 17 మిల్లీమీటర్ల మందం ఉంది. మామూలుగా 11, 12కి మించకూడదు. రక్తనాళాల్లో అడ్డు ఏమీ లేదు. గుండె కండకు వచ్చే జబ్బు, పేరు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అన్నాడు డాక్టరు. కుటుంబాల్లో వచ్చే జబ్బు ఇది, అన్నదమ్ములకూ పిల్లలకూ ఒకసారి పరీక్ష చేయించండి అని చెప్పి పంపినాడు.

ఆ రాత్రి అన్న ఫోను చేసినాడు. "ఒరే అబ్బీ, నువ్వు కంప్యూటర్లు చదివినోనివి కదా. ఇదంతా సెల్లుల్లో రాసి ఉంటాదంట. మా నాయనకొచ్చిందే నాకొచ్చిందా? నా బిడ్డకు గూడా వస్తాదా?"

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే నేను చేరింది అమెరికాకు కాదు, మన హైదరాబాదుకే. హబ్సిగూడలోని సీసీఎంబీకి.

ముందు జబ్బుల్లో తేడా తెలుసుకుందాం

మన వైపు బోరు మోటార్లు తెలియని ఇల్లు ఉండదు కాబట్టి ఆ లెక్కలోనే చెబుతా. మోటారు ఆగిపోయిందంటే రెండు కారణాలు ఉండొచ్చు. కరెంటు తీగ తెగి ఉండొచ్చు, లేదా మోటారే లోపల పాడై ఉండొచ్చు. గుండెపోటు మొదటి రకం. గుండె కండకు రక్తం మోసుకొచ్చే నాళం మూసుకుపోతుంది. కార్డియోమయోపతి రెండో రకం. నాళాలు శుభ్రంగానే ఉంటాయి, కండే చెడుతుంది. కొందరిలో గోడ మందమవుతుంది, కొందరిలో గుండె సాగిపోయి వదులవుతుంది.

గోడ మందమయ్యే రకం ప్రపంచంలో సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని లెక్క. చాలామందికి ఉన్నట్టే తెలియదు. ఆట మైదానంలో పడిపోయిన కుర్రాళ్ల కథలు పేపర్లో చదువుతుంటాం కదా, వాటి వెనకున్న కారణాల్లో ఇదొకటి. మన ఊళ్లలో హఠాత్తుగా పోయిన ప్రతి చావునీ గుండెపోటు అనే ఒకే డబ్బాలో వేసేస్తాం. మా పెద్దనాయనకు ఈ రెండింటిలో ఏదొచ్చిందో ఇప్పుడు చెప్పగలిగినవాళ్లు లేరు. ఎకో అనేది ఆయన జీవితంలో ఒక్కసారి కూడా తీయలేదు.

రథం లాగే మనుషులు, ఆపే మనిషి

గుండె కణంలోకి తొంగి చూస్తే సన్నని తీగలు, లావు తీగలు వరుసగా పేర్చి ఉంటాయి. లావు తీగ మయోసిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. దానికి వందల చిన్న తలలుంటాయి. ఆ తలలు సన్నని తీగను పట్టుకుని లాగితే కణం ముడుచుకుంటుంది, వదిలేస్తే తెరుచుకుంటుంది. తిరునాళ్లలో మోకులు పట్టి రథం లాగే జనం లెక్క అనుకోండి.

లాగడానికి శక్తి కావాలి కదా. అది ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. కండలో ఈ ఏటీపీ ఉందని 1929లో బయటపెట్టిన వాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది విడిగా కనిపెట్టాడు. మన గుండె ఒక్కటే రోజుకి సుమారు ఆరు కిలోల ఏటీపీ ఖర్చు పెడుతుందని అంచనా. గుండె బరువే మూడొందల గ్రాములు! ఉన్న కాస్త ఏటీపీనే మళ్లీ మళ్లీ తయారు చేసుకుంటూ వాడుతుంది.

రథం లాగేటప్పుడు అందరూ ఒకేసారి ఇష్టమొచ్చినట్టు లాగితే ప్రమాదం. అందుకే చక్రం పక్కన నడుస్తూ, అదుపు తప్పకుండా కట్టె అడ్డం పెట్టే మనిషి ఒకడుంటాడు. గుండె కణంలో ఆ పని చేసేది మయోసిన్ బైండింగ్ ప్రోటీన్-సి. కొన్ని మయోసిన్ తలలను పట్టి కూర్చోబెట్టి, అవసరమైనప్పుడే వదులుతుంది. ఈ ప్రోటీన్ తన తోక కొసతో కొక్కెంలా లావు తీగను పట్టుకుని ఉంటుంది. కొక్కెం సరిగా లేకపోతే ఆ మనిషి ఉన్నా లేనట్టే. తలలన్నీ ఎక్కువగా లాగుతాయి, శక్తి వృథా అవుతుంది, గుండె అవసరానికి మించి కష్టపడి కండ మందమవుతుంది.

ఈ ప్రోటీన్‌ని తయారు చేసే జన్యువు పేరు ఎంవైబీపీసీ3. మన 11వ క్రోమోజోము మీద ఉంటుంది.

పనికిరాని లైన్లలో పోయిన అక్షరాలు

జన్యువు అంటే నాలుగే అక్షరాలతో రాసిన కోడు. తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ. మొత్తం కోడు సుమారు 300 కోట్ల అక్షరాలు. అందులో ప్రోటీన్ తయారీకి పనికొచ్చే ముక్కలను ఎక్సాన్లంటారు. మధ్యలో ఉండేవి ఇంట్రాన్లు. మేం ప్రోగ్రాములో రాసుకునే కామెంట్లలాగా ఇవి. ప్రోగ్రాము నడిచేటప్పుడు కంప్యూటరు కామెంట్లను వదిలేస్తుంది. కణం కూడా ఇంట్రాన్లను కత్తిరించి, ఎక్సాన్లను అతికించి వాడుకుంటుంది.

కానీ ఒక తేడా ఉంది. ఎక్కడ కత్తిరించాలో చెప్పే గుర్తులు ఆ ఇంట్రాన్లలోనే ఉంటాయి. ఎంవైబీపీసీ3 జన్యువులో 32వ ఇంట్రాన్‌లో పాతిక అక్షరాలు తప్పిపోయిన మనుషులున్నారు. ఆ గుర్తు చెరిగిపోవడంతో కణం ఒక్కోసారి 33వ ఎక్సాన్‌ను కూడా చెత్త అనుకుని కత్తిరించేస్తుంది. దాంతో ప్రోటీన్ తోక మారిపోతుంది. అంటే సరిగ్గా ఆ కొక్కెం దగ్గరే లోపం.

ఈ లోటును మొదట రెండు భారతీయ కుటుంబాల్లో గమనించారు. ఆ రెండు ఇళ్లకే పరిమితమా, ఇంకా ఎవరికైనా ఉందా అన్న ప్రశ్నతో సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పెరుందురై దండపాణి, ఇంకా చాలామంది పరిశోధకులు, గుండె వైద్యులు కలిసి పని మొదలుపెట్టారు. ముందు గుండె రోగులను, ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పోల్చి చూశారు. తర్వాత మరో చోట అదే పరీక్ష మళ్లీ చేశారు. రెండూ కలిపి చూస్తే, ఈ లోటున్న వాళ్లకి గుండె కండ జబ్బు వచ్చే అవకాశం లేనివాళ్ల కంటే దాదాపు ఏడు రెట్లు ఎక్కువని తేలింది.

అంతటితో ఆగలేదు. దేశంలోని 107 సమూహాలకు చెందిన 6,273 మందిని పరీక్షించారు. నూటికి సుమారు నలుగురిలో ఈ లోటు కనిపించింది. మన దేశానికి బయట పాకిస్తాన్, శ్రీలంక, ఇండోనేసియా, మలేసియాల్లో తప్ప మిగతా చోట్ల పరీక్షించిన వాళ్లలో లేదు. 2009 జనవరిలో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఇది అచ్చయింది. ఐరోపా వాళ్ల నమూనాలనే నమ్ముకుని కూర్చుంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు, ఎందుకంటే అక్కడ ఇది లేనేలేదు.

ఇంత చెడ్డ లోటు ఇంతమందిలో ఎలా మిగిలింది? సుమారు 33 వేల ఏళ్ల కిందట మన ఉపఖండంలోనే పుట్టిందని అంచనా. దీని ప్రభావం చాలామందిలో నడివయసు దాటాకే కనబడుతుంది. అప్పటికే పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టి, ఆ పాతిక అక్షరాల లోటు తరువాతి తరానికి చేరిపోయి ఉంటుంది.

పూడిక తీసే వాళ్లు

ఇక అసలు విషయానికి వస్తా. పుట్టుకతోనే కోడులో లోటుంటే, నడివయసు దాకా గుండె ఎలా బాగుంటుంది?

మా మైదుకూరు పొలాలకు నీళ్లిచ్చేది కేసీ కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మొదలై కర్నూలు, నంద్యాల వైపు పొలాలు తడుపుకుంటూ మా దాకా వస్తుంది. కాలువ అన్నాక పూడిక పడుతుంది. ఏటా పూడిక తీస్తే చివరి పొలానికీ నీళ్లందుతాయి. తీయడం మానేస్తే మొదటి ఏడు తెలియదు, రెండో ఏడు తెలియదు. ఒక ఏడు చివరాఖరు రైతు మడి ఎండిపోతుంది.

కణంలోనూ ప్రోటీన్ల పూడిక పడుతుంది. వంకరగా తయారైనవి, వాడి అరిగిపోయినవి పోగవుతాయి. వాటిని తీసేయడానికి కణానికి రెండు ఏర్పాట్లున్నాయి. మొదటిది ప్రోటియాసోమ్. పనికిరాని ప్రోటీన్‌కి యుబిక్విటిన్ అనే చీటీ అంటిస్తారు. చీటీ ఉన్నదాన్ని ఈ యంత్రం ముక్కలు ముక్కలు చేసేస్తుంది. ఆ చీటీ సంగతి కనిపెట్టినందుకు ఆరన్ సీచెనోవర్, అవ్రామ్ హెర్ష్‌కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

రెండోది ఆటోఫజీ. పెద్ద చెత్తను, పాడైన భాగాలను కణం ఒక సంచిలో కట్టి, అరిగించే రసాలున్న అరకు పంపిస్తుంది. పనికొచ్చే ముక్కలను మళ్లీ వాడుకుంటుంది. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమి రొట్టెల పిండి పులియబెట్టే ఈస్ట్‌లో దీన్ని నడిపించే జన్యువులను పట్టుకున్నారు. 2016లో ఆయనకు వైద్యశాస్త్ర నోబెల్ దక్కింది.

ఇప్పుడు మన పాతిక అక్షరాల దగ్గరికి వద్దాం. పరిశోధక బృందం ఎలుక గుండె కణాల్లో ఈ మారిన ప్రోటీన్‌ని తయారు చేయించి చూసింది. వరుసగా ఉండాల్సిన తీగల అమరిక చెదిరిపోయింది. మరి మనుషుల్లో చిన్న వయసులో ఎందుకు చెదరదు? వాళ్లిచ్చిన వివరణ ఇది: వయసులో ఉన్నప్పుడు కణం ఆ వంకర ప్రోటీన్‌ని ఎప్పటికప్పుడు గుర్తుపట్టి తీసిపారేస్తుంది. రెండో కాపీ నుంచి వచ్చే మంచి ప్రోటీన్‌తో పని నడుస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఈ ఊడ్చే పని మందగిస్తుంది, చెడ్డ ప్రోటీన్ పోగవుతుంది, జబ్బు బయటపడుతుంది.

ఇది చదివినప్పుడు నాకు చాలాసేపు మరో పని మీద మనసు పోలేదు. జబ్బు అంటే ఒక తప్పు అని మనం అనుకుంటాం. నిజానికి తప్పుకీ, దాన్ని సర్దే పనికీ మధ్య నడిచే పోటీ అది. ఆల్జీమర్స్, పార్కిన్సన్ జబ్బుల్లో కూడా మెదడు కణాల దగ్గర వంకర ప్రోటీన్లు పోగవడం చూస్తున్నారు. మెదడు కణాలు కూడా గుండె కణాల్లాగే ఎక్కువ భాగం జీవితాంతం ఉండేవే. మార్చడానికి వీల్లేని కణానికి శుభ్రతే ఆయుష్షు.

కేసు మళ్లీ తెరిచారు

ఇక్కడితో ఆపేస్తే మీరు నూటికి నలుగురు అన్న లెక్క పట్టుకుని భయపడతారు. కానీ సైన్సు 2009లో ఆగిపోలేదు.

అంతమందిలో ఆ లోటుంటే, అంతమందీ జబ్బు పడాలి కదా? పడట్లేదు. చాలామంది ముసలితనం దాకా హాయిగా బతుకుతున్నారు. అందుకే అమెరికాలో శక్తివేల్ సదయప్పన్ బృందం అక్కడున్న దక్షిణాసియా సంతతి 2,401 మందిని పరీక్షించింది. 2018లో వాళ్లు చెప్పిందేమంటే, ఈ లోటున్న వాళ్లలో సుమారు పదో వంతు మందికి అదే జన్యువులో డీ389వీ అనే ఇంకో మార్పు కూడా ఉంది. రెండూ కలిసిన వాళ్ల గుండె అవసరానికి మించి బలంగా కొట్టుకుంటోంది. మనిషి నుంచి తీసుకున్న కణాలను వెనక్కి మళ్లించి, వాటిని గుండె కణాలుగా పెంచి ప్రయోగశాలలో చూశారు. ఆ కణాలు ఉబ్బి కనిపించాయి, కొట్టుకోవడానికి సైగనిచ్చే కాల్షియం రాకపోకలు కూడా గాడి తప్పాయి.

2020లో బ్రిటన్ పరిశోధకులు ఇంకో దాగున్న మార్పును పట్టుకున్నారు. అది కూడా ఇంట్రాన్‌లోనే, ఈ పాతిక అక్షరాల లోటుతో కలిసి కొందరి ఇళ్లలో దిగివస్తోంది. గోడ మందమయ్యే జబ్బు విషయంలో ఇన్నాళ్లూ పాతిక అక్షరాల మీద వేసిన నింద చాలావరకు దీనిదేనని వాళ్లు తేల్చారు. అంటే లోటు ఒక్కటే ఉన్నవాళ్లలో అత్యధికులకు ప్రమాదం మనం అనుకున్నంత లేదు. పక్కన తోడుదొంగ ఉన్నవాళ్లకే ఎక్కువ.

మా పనిలో కూడా ఇది మామూలే. సర్వరు పడిపోయిన చోట ఒక బగ్గు కనబడుతుంది, అదే కారణం అనుకుంటాం. తర్వాత లాగులు చూస్తే దాని పక్కనే నడిచిన ఇంకొకటి దొరుకుతుంది. మొదట పట్టుకున్న వాళ్ల పని వృథా కాదు. వాళ్లు ఆ చోటు చూపించబట్టే రెండోది దొరికింది.

అందుకే ఎవరైనా ఉమ్ము పరీక్ష చేయించుకుని, మీ జన్యువులో లోపముందట అని చెబితే వణికిపోవద్దు. లేదన్నారని నిశ్చింతగానూ ఉండొద్దు. ఈ జబ్బుకు దారితీసే మార్పులు ఇంకా చాలా ఉన్నాయి. ఆ కాగితాన్ని చదవాల్సింది కుటుంబ చరిత్ర, ఎకో రిపోర్టు పక్కన పెట్టుకున్న గుండె వైద్యుడు.

మేనరికం మాటేమిటి?

రాయలసీమలో పుట్టి ఈ ప్రశ్న దాటేసి పోలేం. అక్క కూతుర్నీ, మేనమామ కూతుర్నీ చేసుకోవడం మా దగ్గర తరతరాల అలవాటు. మా ఇంట్లోనే రెండు పెళ్లిళ్లున్నాయి. ఒకే వంశంలో పెళ్లి జరిగితే ఒకే లోటు తల్లి నుంచీ, తండ్రి నుంచీ రెండు కాపీలుగా బిడ్డకు వచ్చే అవకాశం పెరుగుతుంది. అప్పుడు మంచి కాపీ ఉండదు. ఊడ్చే పని ఎంత బాగున్నా ఊడ్చాక మిగిలేది ఏముంటుంది?

దగ్గరి చుట్టరికం లేకపోయినా సొంత కులంలోనే వందల ఏళ్లుగా పెళ్లిళ్లు జరిగినా దాదాపు అదే ఫలితం. 2017లో తంగరాజ్, హార్వర్డుకు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 260కి పైగా సమూహాలకు చెందిన 2,800 మందికి పైగా జన్యువులను చూశాయి. వాటిలో 81 సమూహాలు ఒకప్పుడు కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగి, బయట కలవకుండా ఉండిపోయాయని తేల్చాయి. అలాంటి సమూహాల్లో ఆ కొద్దిమందికున్న లోటే లక్షల మందికి పాకుతుంది.

దానికి వాళ్లు చూపించిన ఉదాహరణల్లో మన తెలుగు వైశ్యులు ఒకరు. వాళ్లలో కొందరికి బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము తక్కువ. రోజువారీ బతుకులో దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఆపరేషనప్పుడు కండలు వదులు చేయడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందిస్తే మాత్రం, నిమిషాల్లో తగ్గాల్సిన ప్రభావం గంటల తరబడి ఉండిపోతుంది. ఊపిరి తీసే కండలు కూడా కదలవు. మత్తు డాక్టరుకి ముందే చెబితే ఇంకో మందు వాడతారు. అంతే! ఒక్క మాటతో తప్పే గండం అది. ఇది ఏ కులాన్నీ తక్కువ చేసే మాట కాదు. ఒక్కో సమూహానికి ఒక్కో లోటు ఉంటుంది. కొన్నింటిది తెలిసింది, కొన్నింటిది తెలియాలి. పదివేల మంది భారతీయుల జన్యువులు చదివిన జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది కూడా ఇందుకే.

అన్నకు చెప్పిన జవాబు

"నా బిడ్డకు గూడా వస్తాదా?" అన్నాడు కదా అన్న. జబ్బు తెచ్చే మార్పు తండ్రి ఒక కాపీలో ఉంటే, అది బిడ్డకు చేరే అవకాశం సగానికి సగం. చేరినా జబ్బు రావాలని లేదు, వచ్చినా ఎప్పుడు, ఎంత అనేది ఒకే ఇంట్లోనే ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. వాడికి తీసిన ఎకో ఇప్పటికి మామూలుగానే ఉంది. అయితే ఒకసారి బాగుందని వదిలేయకూడదు. ఎదిగే వయసులో డాక్టరు చెప్పిన గడువుకి మళ్లీ మళ్లీ చూపించాలి.

జబ్బు ఉందని తేలితే చేతులెత్తేయాల్సిన రోజులు కావివి. గుండె వేగాన్ని అదుపు చేసే బీటా బ్లాకర్లున్నాయి. హఠాత్తుగా లయ తప్పే ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లకి ఛాతీలో చిన్న యంత్రం అమరుస్తారు. గుండె ఆగబోతే అదే షాకిచ్చి కాపాడుతుంది. మయోసిన్ తలల దూకుడును నేరుగా తగ్గించే మావాకాంటెన్ అనే మందుకు అమెరికాలో 2022 ఏప్రిల్‌లో అనుమతి వచ్చింది. మందమైన గోడ రక్తం దారికి అడ్డం పడే రకానికి అది వాడతారు. రథం పక్కన కట్టె పట్టుకుని నిలబడే మనిషి పనిని ఒక మాత్ర చేస్తోందన్నమాట. కణం లోపల ఎవరు లాగుతున్నారో, ఎవరు ఆపుతున్నారో తెలియకుండా ఆ మాత్ర పుట్టేది కాదు.

మా ఊరికి దగ్గర్లోనే బ్రహ్మంగారి మఠం. జరగబోయేది ముందే రాసిపెట్టి ఉంటుందన్న మాట మాకు చిన్నప్పటి నుంచీ చెవుల్లో ఉన్నదే. జన్యువును కూడా జనం అలాగే తలరాతగా చదువుతారు. గుండె కణం చెప్పేది వేరు. రాత ఉంటుంది, దాన్ని రోజూ సర్దుకునే పనీ ఉంటుంది. ఆ పనికి బయట నుంచి మనం చేయగలిగిన సాయమూ ఉంటుంది.

"ఈ ఇంట్లో మొగోళ్లు యాభై దాటరు" అని జేజి అన్నది శాపం కాదు. ఆమెకు తెలిసిన భాషలో ఆమె ఇచ్చిన మెడికల్ రిపోర్టు అది. వినాల్సింది అలాగే. కాబట్టి ఈసారి ఇంట్లో అందరూ కూడినప్పుడు పెద్దవాళ్లను నాలుగు ముక్కలు అడగండి. మన వాళ్లలో యాభై లోపు హఠాత్తుగా పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? పనిచేస్తూనో, పరుగెత్తుతూనో స్పృహ తప్పినవాళ్లున్నారా? గుండె పెద్దదైందనో, గోడ మందమైందనో డాక్టరు చెప్పినవాళ్లున్నారా? ఆపరేషనప్పుడు మత్తు దిగక ఇబ్బంది పడినవాళ్లున్నారా? వాళ్ల పేర్లు, వయసులు ఒక కాగితం మీద రాయండి. అమ్మ వైపు ఒక వరస, నాన్న వైపు ఒక వరస.

ఒక్క పేరు పడినా ఆ కాగితం తీసుకుని గుండె డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈసీజీ, ఎకో అంటే కోత లేదు, నొప్పి లేదు, గంటలో అయిపోతుంది. సంబంధం చూసేటప్పుడు గోత్రం, నక్షత్రం, ఆస్తి అన్నీ అడుగుతాం. ఆ పక్కనే ఈ కాగితం కూడా పెట్టుకుంటే తప్పేం లేదు. మా ఇంట్లో రాశాం. జేజి చెప్తుంటే వదిన రాసింది. ఐదు పేర్లు తేలాయి. మిగిలిన అన్నదమ్ములం ముగ్గురం వచ్చే నెలలో ఎకోకి పోతున్నాం.